ముక్కల సుడులు, కుదరని దశలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సూపర్‌కండక్టర్ అంటే బాగా చల్లబరిస్తే విద్యుత్ నిరోధం పూర్తిగా పోయే పదార్థం. అందులో జంటలు కట్టిన ఎలక్ట్రాన్ల ఒక్కో సమూహాన్ని ఒక ఘటకం అందాం. ఒకటి కంటే ఎక్కువ ఘటకాలున్న సూపర్‌కండక్టర్ల మీద వచ్చిన ప్రశ్నల్లో ఆరింటిని ఇక్కడ తీసుకున్నాం. ముందుగా ఒక్క మాట. పదార్థం ఏ స్థితిలో ఉందో చెప్పడానికి ఇక్కడ 'ప్రావస్థ' అని, తరంగం ఏ కోణంలో ఉందో చెప్పడానికి 'దశ' అని రాశాం. ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకటే మాట కావడంతో అక్కడి పుస్తకాలు చదివి వచ్చినవాళ్లు తరచూ తికమకపడతారు. తెలుగులో ఆ బాధ లేదు, వాడుకుందాం.

ప్రశ్న: మెగ్నీషియం డైబోరైడ్‌లో రెండు గ్యాప్‌లు ఉన్నాయంటారు. మరి నిరోధం 39 కెల్విన్ దగ్గర ఒక్కసారే పడిపోతుందేం? రెండో బ్యాండ్ తనదైన ఉష్ణోగ్రత దగ్గర మళ్లీ మారాలి కదా?

జవాబు: మారదు. బ్యాండ్ అంటే ఎలక్ట్రాన్లకి అందుబాటులో ఉండే శక్తుల వరస, గ్యాప్ అంటే జంట విరగడానికి ఒక్కో ఎలక్ట్రాన్‌కి కావలసిన కనీస శక్తి. ఒక బ్యాండ్‌లోని ఎలక్ట్రాన్ జంటలు రెండో బ్యాండ్‌లోకి దూకుతూనే ఉంటాయి, అదే కారణం. ఒక్కో బ్యాండ్ జంటలని ఒక్కో సంకీర్ణ సంఖ్యతో వర్ణిస్తాం. ఆ సంఖ్యకి పరిమాణం ఉంటుంది, దశ ఉంటుంది. దీన్నే ఆర్డర్ పారామీటర్ అంటారు. రెండో ఘటకం కొత్తగా పుట్టాలంటే అయ్యే శక్తి ఖర్చు దాని పరిమాణపు వర్గాన్ని బట్టి ఉంటుంది. అప్పటికే ఉన్న మొదటి ఘటకంతో జతకట్టినందుకు వచ్చే లాభం మాత్రం దాని మొదటి ఘాతాన్ని బట్టి ఉంటుంది. పరిమాణం 0.01 అనుకుంటే ఖర్చు 0.0001 లెక్కన, లాభం 0.01 లెక్కన వస్తాయి. సున్నాకి దగ్గర్లో వర్గం ఎప్పుడూ ఓడిపోతుంది. కాబట్టి మొదటిది పుట్టిన క్షణమే రెండోది కూడా, ఎంత చిన్నగానైనా, పుట్టి తీరుతుంది.

అంకెలు పెట్టి చూడండి. విడివిడిగా ఉంటే ఒక ఘటకం 10 దగ్గర, ఇంకోటి 6 దగ్గర మారేవనుకుందాం. వాటి మధ్య కలయిక బలం 1. అప్పుడు (ఉష్ణోగ్రత − 10) × (ఉష్ణోగ్రత − 6) = 1 అన్న సమీకరణం వస్తుంది. దాని పెద్ద మూలం 10.24. పరివర్తన జరిగేది అక్కడే, అంటే విడిగా ఉన్నప్పటికంటే కాస్త పైన. చిన్న మూలం 5.76 చూసి అక్కడ రెండో పరివర్తన ఉందనుకోవడం పరీక్షల్లో మామూలుగా జరిగే పొరపాటు. ఆ సమీకరణం నార్మల్ (సూపర్‌కండక్టివిటీ లేని) ప్రావస్థకి రాసింది. 5.76 వచ్చేసరికి ఆ ప్రావస్థే లేదు. నిజమైన పదార్థంలో అక్కడ మిగిలేది విశిష్టోష్ణం గీతలో ఒక మెత్తటి మూపు మాత్రమే. మెగ్నీషియం డైబోరైడ్‌లో అది 10 కెల్విన్ చుట్టుపక్కల కనిపిస్తుంది. సుమారు 7 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల పెద్ద గ్యాప్, 2.5 దగ్గరున్న చిన్న గ్యాప్ రెండూ 39 కెల్విన్ దగ్గర కలిసే మూసుకుపోతాయి.

నిజంగా రెండు మెట్లు కావాలంటే మొదటి ఘాతంలో ఉండే ఆ కలయికని స్ఫటిక సౌష్ఠవమే నిషేధించాలి. యురేనియం ప్లాటినం-3 దీనికి పాతకాపు. సుమారు అర కెల్విన్ దగ్గర, 0.05 కెల్విన్ పైచిలుకు ఎడంతో, విశిష్టోష్ణం రెండుసార్లు ఎగబాకుతుంది. అక్కడ ఘటకాల మధ్య మిగిలిన కలయిక రెండో ఘటకపు వర్గంలో ఉంటుంది కనుక అది తనకి వీలైన ఉష్ణోగ్రత వచ్చేదాకా ఆగగలదు. అందుకే బ్యాండ్లు లెక్కపెట్టి పరివర్తనలు ఎన్నో చెప్పడం కుదరదు. ఘటకాల మధ్య ఏ దశ తేడాకి స్వేచ్ఛ మిగిలిందో చూడాలి. కింది జవాబులన్నీ తిరిగేది ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే.

ప్రశ్న: సూపర్‌కండక్టర్‌లోని సుడి మోసే ఫ్లక్స్ ఎప్పుడూ క్వాంటం అంత, లేదా దాని పూర్ణ గుణిజం అని చదువుకున్నాం. ఇప్పుడు భిన్నపు సుడులు అంటున్నారు. పాత నియమం తప్పా?

జవాబు: నియమం తప్పు కాదు, దాన్ని మనం గుర్తుపెట్టుకున్న తీరు తప్పు. సుడి అంటే సూపర్‌కండక్టర్ గుండా అయస్కాంత క్షేత్రం దూరిపోయే సన్నటి గొట్టం, దాని చుట్టూ కరెంటు తిరుగుతుంది. ఆ గొట్టంలోని మొత్తం అయస్కాంత క్షేత్రమే ఫ్లక్స్. పూర్ణసంఖ్య కావలసింది ఫ్లక్స్ కాదు, దశ చుట్టిన చుట్లు. సుడి చుట్టూ ఒక్కసారి తిరిగి బయల్దేరిన చోటికి వస్తే ఆర్డర్ పారామీటర్ పాత విలువకే రావాలి. అంటే దశ 360 డిగ్రీలకి పూర్ణ గుణిజంగానే మారాలి. ఒకే ఘటకం ఉంటే ఇందులోంచి ఫ్లక్స్ కూడా పూర్ణ గుణిజంగానే వస్తుంది. ఒక్క క్వాంటం విలువ 2.07 × 10⁻¹⁵ వెబర్.

రెండు ఘటకాలున్నప్పుడు మొదటిది ఒక చుట్టు చుట్టి, రెండోది అసలు చుట్టకపోవచ్చు. సుడికి దూరంగా మొత్తం కరెంటు సున్నా కావాలి. కానీ ఆ కరెంటులో రెండు ఘటకాల వాటాలూ ఉంటాయి, రెంటికీ ఉన్నది ఒకే అయస్కాంత క్షేత్రం. లెక్క తెమిల్చితే ఫ్లక్స్ = క్వాంటం × (మొదటి ఘటకపు సూపర్ సాంద్రత ÷ మొత్తం సూపర్ సాంద్రత). సూపర్ సాంద్రత అంటే నిరోధం లేకుండా పారే ఎలక్ట్రాన్ల సాంద్రత. సాంద్రతలు 70కి 30 అయితే మొదటి ఘటకంలోని సుడి 1.45 × 10⁻¹⁵ వెబర్లు మోస్తుంది, రెండో ఘటకంలోని సుడి 0.62 × 10⁻¹⁵. రెండూ ఒకేచోట కూర్చుంటే మన పాత క్వాంటం. భౌతిక శాస్త్రవేత్త ఎగార్ బాబాయెవ్ 2002లో ప్రచురించిన ఫలితం ఇదే. ఉష్ణోగ్రతతో సాంద్రతల నిష్పత్తి మారుతుంది కాబట్టి భిన్నం కూడా మారుతుంది. అదే దీని వేలిముద్ర.

సగం క్వాంటం కనిపించిన ప్రతి చోటా దీన్ని అతికించకండి. 1994లో మూడు స్ఫటికాలు కలిసే చోట చేసిన కుప్రేట్ (రాగి ఆక్సైడ్ సూపర్‌కండక్టర్) ఉంగరాల్లో దొరికిన సగం ఫ్లక్స్‌కి కారణం వేరు. డీ-తరంగపు ఆర్డర్ పారామీటర్ దిక్కుని బట్టి గుర్తు మార్చుకుంటుంది, ఆ ఉంగరంలో ఒకచోట 180 డిగ్రీల తేడా పడుతుంది. అక్కడ సగం అంటే కచ్చితంగా సగమే, ఉష్ణోగ్రత దాన్ని కదిలించలేదు.

మరి భిన్నపు సుడులు ఇంత అరుదెందుకు? పైన చెప్పిన సుడికి దూరంగా మొత్తం కరెంటు సున్నా అయినా, రెండు ఘటకాల విడి కరెంటులు సున్నా కావు. ఒకటి ఇటు, ఇంకోటి అటు, సమంగా పారుతుంటాయి. ఈ ఎదురు ప్రవాహాలని క్షేత్రం అణచలేదు, ఎందుకంటే నికర ఆవేశ ప్రవాహమే లేదు. దాంతో సుడి శక్తి నమూనా వెడల్పుకి లాగరిథమ్‌గా పెరుగుతూ పోతుంది. దానికి తోడు మొదటి జవాబులో చెప్పిన కలయిక ఉంటే పని ఇంకా కష్టమవుతుంది. దశ తేడా 360 డిగ్రీలు తిరగక తప్పదు, తిరగడం ఖరీదు, కాబట్టి ఆ తిరుగుడంతా ఒక సన్నటి గోడలోకి కుదించుకుపోతుంది. దాన్ని సాలిటన్ అంటారు. దాని మందం కలయిక బలపు వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది, పొడవు పెరిగినకొద్దీ శక్తి కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. రెండు భిన్నపు సుడులని కలిపిన లాగిన రబ్బరు పట్టీ అనుకోండి. రెండోదాన్ని ఎంత దూరం తీసుకెళ్లినా పట్టు సడలదు. కలయిక బలంగా ఉన్న పదార్థంలో భిన్నపు సుడుల కోసం వెతకడం టైము దండగ.

ప్రశ్న: 2023లో ఇనుము ఉన్న సూపర్‌కండక్టర్‌లో భిన్నపు సుడులు చూశారని విన్నాను. పూర్తి సుడి కొంచెం లోతుగా ఉంటే సిగ్నల్ తగ్గి భిన్నంలాగే కనిపించదా? తేడా ఎలా పట్టారు?

జవాబు: మంచి అనుమానం, ఇక్కడ అనుమానించకుండా ఉండకూడదు. నమూనా బేరియం-పొటాషియం ఐరన్ ఆర్సెనైడ్, పొటాషియం వాటా 0.77. పరికరం స్కానింగ్ స్క్విడ్, అంటే ఉపరితలానికి మైక్రాన్ ఎత్తులో తిరిగే అతి చిన్న ఫ్లక్స్ మీటరు. కనిపించిన సుడుల ఫ్లక్స్ క్వాంటంలో ఒక భాగమే ఉంది, ఉష్ణోగ్రతతో తెగకుండా మారింది, వాటిని కదిలించడం కూడా సాధ్యమైంది.

ఇప్పుడు మీ అనుమానం. ఉపరితలం పైనుంచి చూస్తే సుడి ఒక అయస్కాంత ఏకధ్రువంలా కనిపిస్తుంది, ఆ ధ్రువం ఉపరితలానికి లామ్డా లోతున ఉన్నట్టు. లామ్డా అంటే క్షేత్రం చొచ్చుకుపోయే లోతు. స్క్విడ్ ఉన్న ఎత్తుకి లామ్డా కలిపితే వచ్చేదాన్ని 'హెచ్' అందాం. సుడి నడినెత్తిన క్షేత్రం = ఫ్లక్స్ ÷ (2 పై × హెచ్ వర్గం). హెచ్ 1 మైక్రాన్ అయి, పూర్తి క్వాంటం ఉంటే 3.3 గాస్ వస్తుంది. హెచ్ 0.71 మైక్రాన్ అయి, సగం క్వాంటమే ఉన్నా అదే 3.3 గాస్. కాబట్టి శిఖరం ఎత్తు ఒక్కటే చూసి ఎవరైనా భిన్నం అంటే నమ్మకండి.

రెంటినీ విడదీసేది వెడల్పు. సగం ఎత్తు దగ్గర శిఖరం మొత్తం వెడల్పు 1.53 × హెచ్, ఇందులో ఫ్లక్స్ ఊసే లేదు. పై ఉదాహరణలో ఒకటి 1.53 మైక్రాన్లు, ఇంకోటి 1.08. అయితే మీటరు చుట్టకే మైక్రాన్ వ్యాసం ఉంటే ఈ తేడా సగం చెరిగిపోతుంది. అందుకని చుట్ట ఆకారాన్ని కూడా లెక్కలో కలిపి సరిపోల్చాలి. క్షేత్రాన్ని వైశాల్యమంతా కూడితే ఫ్లక్స్ నేరుగా వస్తుందిగా అని కొందరు అడుగుతారు. హెచ్‌కి 10 రెట్ల వ్యాసార్ధం దాకా కూడినా ఇంకా 10 శాతం బయటే ఉండిపోతుంది. ఆలోగా నేపథ్యంలోని ఏ కొంచెం వాలైనా ఆ 10 శాతాన్ని మింగేస్తుంది.

ఇంతకంటే నమ్మదగిన దారి, అదే స్కాన్‌లో, అదే ఉష్ణోగ్రత దగ్గర, పక్కనే ఉన్న పూర్తి సుడిని కొలబద్దగా పెట్టుకోవడం. ఎత్తు, లామ్డా, చుట్ట ఆకారం రెంటికీ ఒకటే కనుక మిగిలే తేడా ఫ్లక్స్‌దే. ఉష్ణోగ్రత పెంచుతూ పోతే లామ్డా పెరిగి రెండు శిఖరాలూ చదునవుతాయి, కానీ పూర్తి సుడికి వచ్చే ఫ్లక్స్ ఒక క్వాంటం దగ్గర కదలకుండా ఉండాలి. అది కూడా జారుతోందంటే తప్పు మీ లెక్కలో ఉంది.

ఇంకో రెండు చోట్ల మోసపోతాం. నమూనా అంచుకి లామ్డాకి కొన్ని రెట్ల దూరంలోపు ఉన్న మామూలు సుడి కూడా పూర్తి క్వాంటం చూపదు, కొంత ఫ్లక్స్ అంచు నుంచి జారిపోతుంది. పలచటి పొరల్లో ఈ దూరం ఇంకా ఎక్కువ, రెండు లామ్డా వర్గాన్ని పొర మందంతో భాగిస్తే వచ్చేంత. లామ్డా 200 నానోమీటర్లు, మందం 20 అయితే 4 మైక్రాన్లు. రెండోది, మీటరు విడదీయలేనంత దగ్గరగా ఒక సుడి, ఒక ప్రతిసుడి ఉంటే కూడా బలహీనమైన ఒకే శిఖరం కనిపించవచ్చు. దాన్ని ఆకారంలోని వంకర పట్టిస్తుంది.

ప్రశ్న: మూడు బ్యాండ్లుంటే కాల విపర్యయ సౌష్ఠవం దానంతటదే విరుగుతుందా?

జవాబు: కాల విపర్యయ సౌష్ఠవం అంటే కాలాన్ని వెనక్కి తిప్పినా స్థితి మారకపోవడం. అది దానంతటదే విరగదు, షరతు ఉంది. బ్యాండ్ల మధ్య కలయిక వికర్షణ అయితే ప్రతి జతా 180 డిగ్రీల తేడాతో ఉండాలనుకుంటుంది. ముగ్గురిలో ఏ ఇద్దరూ పొసగని పరిస్థితి. మొదటివాడికి ఎదురుగా ఇద్దరూ నిలబడితే వాళ్లిద్దరూ ఒకే పక్క అవుతారు. మూడు కలయికలూ సమానమైతే రాజీ 120 డిగ్రీల ఎడంలో కుదురుతుంది. అక్కడ కొసైన్ల మొత్తం −1.5, ఇద్దరు ఒకవైపు ఒకరు అటువైపు అయితే −1. ఆ 120 డిగ్రీల అమరికని సవ్యంగా తిప్పొచ్చు, అపసవ్యంగా తిప్పొచ్చు. కాలాన్ని వెనక్కి తిప్పితే ఒకటి రెండోది అవుతుంది. కాబట్టి ఏ ఒక్కదాన్ని ఎంచుకున్నా సౌష్ఠవం విరిగినట్టే.

కలయికలు అసమానమైతే పరీక్ష సులువు. మూడు బలాల విలోమాలు రాసుకోండి, వాటితో త్రిభుజం గీయగలిగితే సౌష్ఠవం విరుగుతుంది. బలాలు 1, 1, 0.6 అయితే విలోమాలు 1, 1, 1.67. త్రిభుజం కుదురుతుంది. 1, 1, 0.4 అయితే 1, 1, 2.5. కుదరదు, దశలు 0 లేక 180 దగ్గరే బిగుసుకుంటాయి. ఇక్కడ బలం అంటే ఘటకాల పరిమాణాలు కూడా గుణించినది. అందుకే ఒకే పదార్థంలో డోపింగ్ (కలిపే మూలకపు వాటా) మారిస్తే ఈ ప్రావస్థ ఒక చిన్న పట్టీలో వచ్చి పోతుంది. పైన చెప్పిన పొటాషియం 0.77 నమూనా ఆ పట్టీలోదే.

సవ్య, అపసవ్య ప్రాంతాలు పక్కపక్కన ఏర్పడితే మధ్యలో డొమైన్ గోడ పుడుతుంది. గోడల దగ్గర, మలినాల దగ్గర చిన్న చిన్న కరెంటులు వాటంతటవే పారతాయి. వీటిని పట్టేది మ్యూయాన్లు, అంటే ఎలక్ట్రాన్ లాంటివే గానీ దానికంటే బరువైన, అల్పాయుష్షు కణాలు. 2.2 మైక్రోసెకన్ల సగటు ఆయుష్షులో వాటి స్పిన్ 0.1 గాస్ క్షేత్రాన్ని కూడా పసిగడుతుంది. ఈ కొలతలో గొంతు నొక్కేది ప్రయోగశాలలో మిగిలిపోయిన క్షేత్రమే. భూమి క్షేత్రమే అర గాస్ దాకా ఉంటుంది, దాన్ని మూడు దిక్కుల్లోనూ చుట్టలతో రద్దు చేశాకే నమూనాని చల్లబరచాలి. చల్లబరిచాక రద్దు చేస్తే సుడులు లోపల చిక్కుకుపోయి ఉంటాయి, అవే సిగ్నల్ ఇస్తాయి. స్పిన్ దిక్కులోనే కొన్ని పదుల గాస్ క్షేత్రం పెట్టినప్పుడు సిగ్నల్ మాయమైతే లోపలి క్షేత్రాలు స్థిరమైనవని నిర్ధారించుకోవచ్చు.

ఈ కథలో మాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది 2021లో ప్రచురితమైన ఫలితం. అదే పదార్థంలో నిరోధం తిరిగి వచ్చేశాక కూడా, అంటే సూపర్‌కండక్టివిటీ పోయిన తర్వాత కూడా, కాల విపర్యయ సౌష్ఠవం విరిగే ఉన్న ఒక ఉష్ణోగ్రతా పట్టీ కనిపించింది. మూడు ఘటకాల్లోనూ కలిసి చుట్టే పూర్తి సుడులు చెలరేగితే మొత్తం దశ చెదిరిపోతుంది, కానీ దశల మధ్య తేడా చెక్కుచెదరదు. జంటలుగా లేని క్రమం, రెండు జంటలు కలిసిన నాలుగు ఎలక్ట్రాన్ల గుంపుల స్థాయిలో మిగులుతుంది.

ప్రశ్న: మొదటి రకం, రెండో రకం సూపర్‌కండక్టర్లు తెలుసు. ఒకటిన్నర రకం నిజంగా ఉందా?

జవాబు: సిద్ధాంతంలో ఉంది. మొదటి రకంలో సుడులు ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయి, రెండో రకంలో వికర్షించుకుంటాయి. రెండు ఘటకాలకి రెండు కొహెరెన్స్ పొడవులు (ఆర్డర్ పారామీటర్ మారడానికి పట్టే దూరాలు) ఉండి, లామ్డాని 1.41తో గుణిస్తే వచ్చేది ఆ రెంటి మధ్యలో పడితే, సుడులు దగ్గర్లో వికర్షించుకుని దూరంలో ఆకర్షించుకుంటాయి. అప్పుడు గుంపులు కట్టి, మధ్యలో ఖాళీలు వదులుతాయి. 2009లో మెగ్నీషియం డైబోరైడ్‌లో అలాంటి గుంపులు చూపించారు. కానీ మలినాల మీద చిక్కుకున్న సుడులు కూడా గుంపులుగానే కనిపిస్తాయి. ఆ పదార్థం విషయంలో వాదన తేలలేదన్నదే మా అభిప్రాయం.

ప్రశ్న: రెండు ఘటకాల గింజ్‌బర్గ్–లాందావ్ సమీకరణాలకి కంప్యూటర్ ప్రోగ్రాం రాశాను. సుడులు వస్తున్నాయి గానీ గ్రిడ్‌కి అతుక్కుని కదలవు. ఒక్కోసారి అంకెలన్నీ పేలిపోతాయి. భిన్నపు సుడి మాత్రం ఒక్కటీ రాదు.

జవాబు: ఆర్డర్ పారామీటర్, అయస్కాంత క్షేత్రం చోటుని బట్టి ఎలా మారతాయో చెప్పేవి ఈ సమీకరణాలు. మూడు జబ్బులకీ మూడు వేర్వేరు మందులు.

అతుక్కోవడానికి కారణం గ్రిడ్ అడుగు పెద్దదవడం. సుడి గర్భం రెండు మూడు గళ్లలోనే ఇరుక్కుంటే గడి మధ్యలో ఉన్నప్పటి శక్తికి, మూల మీద ఉన్నప్పటి శక్తికి తేడా వస్తుంది. ఆ గుంటలోంచి సుడి పైకి రాలేదు. అడుగుని చిన్న కొహెరెన్స్ పొడవులో నాలుగో వంతుకి తగ్గించండి. చాలామంది పెద్ద ఘటకాన్ని చూసి అడుగు నిర్ణయిస్తారు. అదే తప్పు, చిన్నదే యజమాని. పెట్టె సైజుకి మాత్రం ఇది తిరగబడుతుంది. లామ్డా, పెద్ద కొహెరెన్స్ పొడవు, సాలిటన్ మందం, ఈ మూడింటిలో ఏది పెద్దదైతే దానికి కనీసం పది రెట్లుండాలి. కలయికని బలహీనం చేసినకొద్దీ సాలిటన్ లావెక్కుతుంది, పెట్టె మాత్రం పాత సైజులోనే ఉండిపోతుంది. ఆ సంగతి చూసుకోండి. వెక్టర్ పొటెన్షియల్‌ని (అయస్కాంత క్షేత్రాన్ని రాబట్టే రాశిని) అవకలనంలో నేరుగా వేయకుండా, పక్కపక్క గళ్ల మధ్య గీత మీద దశ గుణకంగా పెట్టండి. అలా చేయకపోతే గేజ్ సౌష్ఠవం చెడి, లేని కరెంటులు పుట్టుకొస్తాయి.

పేలిపోవడానికి కారణం కాలపు అడుగు. సాదా ఆయిలర్ పద్ధతి అయితే, రెండు మితుల్లో ఆర్డర్ పారామీటర్‌కి పరిమితి అడుగు వర్గంలో నాలుగో వంతు. వెక్టర్ పొటెన్షియల్‌కి దాన్ని మళ్లీ కప్పా (లామ్డాకి, కొహెరెన్స్ పొడవుకి ఉన్న నిష్పత్తి) వర్గంతో భాగించాలి. గ్రిడ్ అడుగు 0.4 అయితే మొదటిది 0.04. కప్పా 4 అయితే రెండోది 0.0025. పదహారు రెట్ల తేడా. మీరు మొదటిది మాత్రమే చూసి ఉంటారు.

భిన్నపు సుడి రాకపోవడానికి మీ కోడ్ తప్పేమీ లేకపోవచ్చు. అంచులని చుట్టి కలిపేసే ఆవర్తన పెట్టె వాడుతున్నారా? అలాంటి పెట్టెలో మొత్తం ఫ్లక్స్ క్వాంటాలే ప్రతి ఘటకపు మొత్తం చుట్లకీ సమానం కావాలి. రెండు ఘటకాలకీ ఒకే ఫ్లక్స్ కనుక రెంటి చుట్లూ సమానమే. ఒంటరి భిన్నపు సుడి అక్కడ గణితపరంగానే అసాధ్యం, జోడీ ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది. తెరిచిన అంచులు పెట్టండి. మొదటి ఘటకపు దశని మధ్యబిందువు చుట్టూ ఒక చుట్టు తిప్పి, రెండోదాన్ని స్థిరంగా ఉంచి మొదలుపెట్టండి. కలయిక బలాన్ని ముందు సున్నా చేసి, సుదూర ఫ్లక్స్ సాంద్రతల నిష్పత్తికి సరిపోతోందో లేదో చూడండి. సరిపోతే అప్పుడు బలాన్ని కొద్దికొద్దిగా పెంచండి. ఒక స్థాయి దాటాక సుడి నుంచి అంచు దాకా సన్నటి చార ఏర్పడుతుంది, ఆ చారే సుడిని అంచువైపు లాక్కెళ్లి బయటికి తోసేస్తుంది. ఆగి చూడాలనుకుంటే రెండు మూడు గళ్లలో మొదటి ఘటకాన్ని కావాలనే బలహీనపరచి, సుడిని అక్కడ గుచ్చి ఉంచండి.